బోడిగాడి స్నానం

చక్రధరరావు పెన్నూ కాగితమూ పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడేసరికి సూర్యకాంతం చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెళ్లయి ఇరవయ్యారేళ్లు. ఇనుపగనుల బచేలీ టౌన్‌షిప్పులో ఈ క్వార్టర్లోకి వచ్చి పందొమ్మిదేళ్లు. ఆ మనిషి పెరట్లోకి వస్తే పళ్లు తోముకోవడానికే వస్తాడు. అలాంటిది డ్యూటీ బూట్లు కూడా వేసేసుకుని, ముక్కాలిపీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, "వీడికి రోజూ ఏమేం చేస్తావో వరసగా చెప్పు" అన్నాడు.

వీడంటే కుక్క. ఒంటిమీద వెంట్రుకన్నది లేని కుక్క. నెత్తిమీద మాత్రం కొబ్బరికాయ పిలకలా నాలుగు పోచలుంటాయి. మిగతా ఒళ్లంతా పలక రంగు, ముట్టుకుంటే పొయ్యి దగ్గర పెట్టిన గిన్నెలా వెచ్చన. మెక్సికో దేశపు జాతి, ఎక్కడో తప్ప దొరకనిది అని చెప్పి, మూడేళ్ల కిందట విశాఖపట్నంలో ఒక పెంపకందారు దగ్గర తీసుకుని, తువ్వాల్లో చుట్టి కిరండూల్ పాసింజర్లో తెచ్చాడు చక్రధరరావు. ఆ జాతి అసలు పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. ఆయన పెట్టిన పేరు సీజర్. ఆ పేరుకి వాడు ఈనాటికీ పలకడు. సూర్యకాంతం మొదటిరోజే "ఏరా బోడిగా" అంది. ఆ పూటే తోక ఊపాడు.

మొదట్లో లైనులో వాళ్లు ముక్కు మూసుకుని, గజ్జికుక్కని తెచ్చుకున్నారేమిటండీ అనేవారు. ఏడాది తిరిగేసరికి వాళ్లే పిల్లల్ని వెంటేసుకుని ఫొటోలకి వచ్చారు.

చక్రధరరావు డంపర్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్. సరదాల మనిషి. సరదా మొదలుపెట్టేది ఆయన, మోసేది ఆవిడ. ముందు చేపల తొట్టి పెట్టాడు. ఆరు నెలలకి ఆయన చేపల పేర్లు మర్చిపోయాడు, నీళ్లు మార్చే పని ఆవిడకి మిగిలింది. తర్వాత లవ్‌బర్డ్స్. ఆ తర్వాత కాక్టస్ మొక్కలకి అంట్లు కట్టడం. అన్నీ మూణ్ణాళ్ల ముచ్చటే. టౌన్‌షిప్పు పూల ప్రదర్శనలో కాక్టస్‌కి మొదటి బహుమతి వస్తే మైకులో ఆయన పేరు పిలిచారు, ఆయన వెళ్లి కప్పు పుచ్చుకున్నాడు, ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇంటికెవరైనా వచ్చి మెచ్చుకుంటే, అంతా ఆయన చేతి చలవండీ అనేది కూడా ఆవిడే. అనమని ఆయన ఏనాడూ అడగలేదు, అది ఒప్పుకోవాలి.

ఆవిడకంటూ ఉన్న సరదా ఒక్కటే, క్రోషియా. శుక్రవారం మధ్యాహ్నం మహిళా సమితికి వెళ్లి దారపుండ ముందేసుకుని కూర్చుంటే రెండు గంటలు ఎటుపోయాయో తెలియదు. బోడిగాడికి చలికాలం స్వెట్టర్లు మూడు అల్లింది.

ఆయన అడిగినదానికి ఆవిడ మొదలుపెట్టింది. "ముందు పొడిగుడ్డండీ. నీళ్లు ఆ తర్వాతే."

ఎందుకో కూడా చెప్పింది. బైలదిల్లా కొండమీంచి దిగే ఇనుపరాయి ధూళి మామూలు దుమ్ము కాదు. అందుకే ఇక్కడి ఆడవాళ్లెవరూ గని బట్టల్ని తిన్నగా నీళ్లలో వెయ్యరు. ముందు గోడకేసి దులిపి, పొడి బ్రష్షుతో కొట్టి, అప్పుడు నానబెడతారు. ముందే తడిపితే ఆ ఎరుపు బురదై నేతలోకి దిగి ఇక జన్మలో వదలదు. బోడిగాడి తోలూ అంతే. పొడిగా ఉండగానే మెత్తటి పాత పంచెముక్కతో మడత మడతా తుడవాలి. తడిపేస్తే బురద రంధ్రాల్లో కూరుకుపోయి, రుద్దినకొద్దీ గరుకుకాగితంలా కోస్తుంది.

చక్రధరరావు పెన్ను కదల్లేదు. "అది సరే. నూనె ఏమిటి?" అన్నాడు.

ఇప్పగింజల నూనె, చలికి నెయ్యిలా గడ్డకడుతుంది, అరచేతుల్లో కరిగించి పట్టించాలి అంది. అది రాసుకున్నాడు. శనగపిండి, గోరువెచ్చని నీళ్లు రాసుకున్నాడు. పొద్దెక్కాక ఎండలోకి వదిలితే ఒళ్లు కములుతుందనీ, ఈ జాతికి పక్కపళ్లు పుట్టుకతోనే కొన్ని ఉండవు కాబట్టి రాగిసంకటి మెత్తగా కలిపి పెట్టాలనీ చెప్పింది. పావుగంట మాట్లాడింది. తను చేసే పని గురించి ఒక్క మాటైనా ఆవిడని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. చెబుతున్నకొద్దీ ముఖం విచ్చుకుంది. బోడిగాడు ఆవిడ మోకాళ్లమీద గడ్డం ఆన్చి ఆవలించాడు. "ఇంత ఉందా వీడి మీద!" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు చక్రధరరావు.

ఆ గురువారం ఆవిడ ఎంత పొంగిపోయిందంటే, మధ్యాహ్నం బజారుకెళ్లి వెతికి వెతికి కంద తెచ్చి, ఆయనకిష్టమని కంద బచ్చలికూర చేసింది. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు సమితి నుంచి ఐదింటికి తిరిగొచ్చి గ్రిల్లు గేటు తీసింది. గేటు కిర్రుమంటే చాలు, గచ్చుమీద గోళ్ల టకటక వినపడాలి. వినపడలేదు. వంటింట్లో లేడు, మంచం కింద లేడు. పెరట్లోకి వెళ్లింది. తీగమీద పొద్దున ఆరేసిన రెండు స్వెట్టర్లూ లేవు. లోపలికి వచ్చి బీరువా కింది అర చూస్తే మూడోదీ లేదు. కుక్కని ఎత్తుకుపోయే దొంగ స్వెట్టర్లు వెతికి పట్టుకుపోడు.

ఆరింటికి చక్రధరరావు వచ్చాడు. తేలుకుట్టిన దొంగలా కిమ్మనకుండా బూట్లు విప్పి, తిన్నగా పెరట్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. గ్రీజు లేని చేతుల్ని అంతసేపు కడగడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"వాడేడీ?" అంది.

మెల్లిగా మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చిన పెద్దసారు మనవాళ్లే, కాకినాడవాళ్లు. ఆయన భార్య రాజ్యశ్రీగారు పోయిన ఆదివారం వాకింగులో వీణ్ని చూసి ముచ్చటపడ్డారు. అంతటివాళ్లు మనసుపడితే కాదనలేం కదా. మధ్యాహ్నం బంగళా నుంచి జీపు వచ్చింది. ఆఫీసరు గ్రేడుకి పంపే లిస్టు వచ్చేవారమే పైకి పోతోంది, రెండుసార్లు తన పేరు అంచుదాకా వచ్చి జారిపోయింది, ఈసారి జారితే ఇక రిటైరయ్యేదాకా ఫోర్‌మనే. ఎక్కడికో పంపలేదు కదా, ఎత్తుమీద ఆఫీసర్ల బంగళాలోనేగా ఉంటాడు. ఇన్నీ చెప్పి, "కుక్కే కదా కాంతం" అన్నాడు.

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. అరవలేదు. అరవడం ఆవిడకి చేతకాదు. అడిగిందల్లా ఒక్కటే, జీపు ఎక్కించేటప్పుడు వాడు గొడవచేశాడా అని. లేదు, బుద్ధిగా సీటెక్కి కూర్చున్నాడు అన్నాడు ఆయన, అదేదో ఊరట మాట అయినట్టు. వాడు తన దగ్గరికే తీసుకెళ్తున్నారనుకుని ఎక్కి ఉంటాడని ఆవిడకి తెలుసు.

రాత్రి వంటకి బియ్యం కడుగుతుంటే కాగితం గుర్తొచ్చింది. చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. నిన్న పొద్దున తను ముఖం విప్పార్చుకుని చెప్పింది ఇందుకా! అమ్మాయిని అత్తారింటికి పంపేటప్పుడు ఇది తింటుంది, ఇది తినదు అని చెప్పినట్టు, తన నోటితోనే వాడికి అప్పగింతలు పెట్టించాడు. పైగా కంద బచ్చలికూర! ఆ కూర వండినందుకు తనమీద తనకే ఒళ్లుమండింది. కుక్కని ఇవ్వడం ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు. ఆయన అడిగి ఉంటే ఏడ్చేదేమో, వద్దనేదేమో, కానీ ఇంత నవ్వులపాలైనట్టు ఉండేది కాదు.

శనివారం మోకాళ్లు పట్టేశాయి. డిసెంబరు చలి కొండమీంచి దిగి నేరుగా ఆవిడ కీళ్లలోకే వస్తుంది. మూడు చలికాలాలుగా పొద్దున్నే బోడిగాడు ఒళ్లో పడుకుంటే ఆ వేడికే కాళ్లు సాగేవి. అయినా కుంటుకుంటూ సంతకి వెళ్లింది, కూరలకి కాదు, ఇంట్లో ఉండలేక.

నూనెలమ్మే పొజ్జే ఎప్పటిచోటే కూర్చుని ఉంది, ముందు చింతపండు కుప్ప, పక్కన నూనె సీసాలు. పొజ్జేది తెలంగాణ సరిహద్దున ఉసూరు దిక్కు, ఇటు పక్క పల్లెకి మనువొచ్చింది. దొర్లీ, హల్బీ, తెలుగూ మూడూ ఆవిడ నోట్లో కలిసిమెలిసి ఉంటాయి. బోడిగాడి మొదటి చలికాలంలో ఒళ్లంతా పగుళ్లొస్తే, డాక్టరు మందులకి తగ్గనిది, ఇప్పనూనె పట్టించమని చెప్పింది ఈవిడే. ఆవేళ వాణ్ని చూసి, దీని తోలు ఎవలు వలిచిన్రక్కా అని పడీపడీ నవ్వింది.

ఇవాళ సీసా తీసి ఇవ్వబోతే సూర్యకాంతం వద్దంది. వాణ్ని ఇచ్చేశారని చెప్పింది. పొజ్జే సీసా చేతిలోనే పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఎవలిచ్చిన్రు, నువ్వా?"

"మా ఆయన."

"నిన్ను అడగకనే? గదేందక్కా! మా కాడ కోడిపిల్లను గూడ ఇంటామెను అడగకుండ ఎవలికీ ఇయ్యరు. మేపినామెదే కోడి. మొగోడు పట్కపోతే దాన్ని దొంగతనమే అంటరు."

సూర్యకాంతం ఆయన మంచివాడే అనబోయింది, ఇరవయ్యారేళ్ల అలవాటు. ఈసారి ఆ మాట అనలేదు. సీసా మాత్రం తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆవిడకే తెలియదు.

సాయంత్రం బంగళా జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరు వినోద్ రాయ్‌పూర్ కుర్రాడు, వచ్చీరాని తెలుగు. రేపు ఆదివారం కదా, పొద్దున ఏడింటికి రావుసాబ్‌నీ ఆంటీజీనీ చాయ్‌కి పిలిచారని చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "సోమవారం నుంచీ రోజ్ ఆరున్నరకి నేనే వస్తాను ఆంటీజీ, రెడీగా ఉండండి. సీజర్ స్నానం రోజ్ మీరే చేస్తారని రావుసాబ్ పక్కా చెప్పేశారు" అన్నాడు.

జీపు వెళ్లిపోయింది. చక్రధరరావు లోపల టీవీ ముందు కూర్చుని అంతా విన్నాడు, విననట్టు శబ్దం పెంచాడు. సూర్యకాంతం వెళ్లి టీవీ కట్టేసింది. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

"అత్తసొమ్ము అల్లుడు దానం అంటే విన్నాను. సొమ్ముతోపాటు అత్తగారిని కూడా దానం చేసేసిన అల్లుణ్ని ఇప్పుడే చూస్తున్నాను."

రోజూ వాణ్ని చూసుకున్నట్టూ ఉంటుంది, నీ బెంగా తీరుతుంది, నీ మంచికేగా అన్నాడు. పోనీ రేపు టీకి వచ్చి కాస్త నవ్వుతూ ఉండు, అంతకంటే ఏమీ అడగను అన్నాడు. ఆ గొంతులో బతిమాలుడు ఉంది. లిస్టు కోసం ఆయన ఎంత తపించాడో ఆవిడకి తెలుసు. పేరు జారిపోయిన రెండుసార్లూ అన్నం మానేసి పడుకుంటే తినిపించింది తనే. వస్తాను అంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ వస్తానంది బోడిగాణ్ని చూడ్డానికి. పొద్దున బయల్దేరుతూ పొజ్జే ఇచ్చిన సీసా చేతిసంచీలో వేసుకుంది.

బంగళా ఎత్తుమీద ఉంటుంది. గని నుంచి రాయి మోసే కన్వేయరు బెల్టు అక్కడినుంచి బాగా కనిపిస్తుంది, గాలి అటు తిరిగితే ధూళి కూడా ముందు అక్కడికే వస్తుంది. వరండాలో మెత్తటి బొంతమీద పడుకుని ఉన్నాడు బోడిగాడు, నీలం స్వెట్టరు వెనకాముందుగా తొడిగి ఉంది. మెడ మడతల్లో ఎర్రటి చారలు, చంకల్లో దద్దుర్లు. రెండు రోజులకే! సూర్యకాంతాన్ని చూసి ఎగరలేదు, మొరగలేదు. లేచి వచ్చి ఆవిడ కాలికి ఒళ్లంతా ఆన్చి నిలబడ్డాడు. చీర కుచ్చిళ్లలోంచి ఆ వేడి తగిలింది. ఆవిడ వంగలేదు. వంగితే ఏడుపు ఆగదని తెలుసు.

రాజ్యశ్రీ మంచి మనిషిలాగే ఉంది. నలభై ఏళ్లుంటాయి, చేత్తో కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "మీకు మోకాళ్ల నొప్పులట కదండీ. చేసుకోలేకపోతున్నాను, ఎవరైనా మంచివాళ్లకి ఇచ్చేయండని మీరే అన్నారట. ఇంత పెంచి ఇవ్వడానికి మనసెలా ఒప్పిందోనని నేను బాధపడ్డాను" అంది.

సూర్యకాంతం మొగుడివంక చూసింది. ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. ఇదొకటి మిగిలిందన్నమాట. వాణ్ని ఇచ్చాడు, తనని ఇచ్చాడు, ఇచ్చింది తనే అని కూడా చెప్పాడు. ఆవిడకి కోపం రాలేదు, ఒంట్లోంచి ఏదో తోడేసినట్టు చలి వేసింది. ఈ మనిషితోనా నేను ఇన్నేళ్లు ఉన్నాను అనుకుంది, సరిగ్గా ఆ మాటే.

పెద్దసారు బయటికి వచ్చాడు. అందరికీ ఆదివారపు మర్యాదలయ్యాక, దద్దుర్ల సంగతి తనే ఎత్తాడు. కాగితంలో రాసిచ్చినట్టే పనివాళ్లు చేస్తున్నారట, అయినా ఇలా అవుతోందట. "రావుగారూ, మూడేళ్లు పెంచిన చెయ్యి కదా, ఒకసారి మీరే చేసి చూపించండి. మావాళ్లు చూసి నేర్చుకుంటారు" అన్నాడు.

చక్రధరరావు భార్యవైపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఇలాంటి చూపు ఒకటి వచ్చినప్పుడల్లా ఆవిడ లేచేది. మీరుండండి, నేను చేస్తాగా, మీ బట్టలు పాడవుతాయి అంటూ. ఈసారి కప్పు చేతిలోకి తీసుకుని టీ తాగింది.

ఆయన చొక్కా చేతులు మడిచాడు. టబ్బు వచ్చింది, బకెట్టుతో వేణ్నీళ్లు వచ్చాయి, శనగపిండి వచ్చింది. స్వెట్టరు లాగేసి, బోడిగాణ్ని రెండు చంకలకింద పట్టుకుని టబ్బులో నిలబెట్టి, మగ్గు నిండా ముంచి వీపుమీద పోశాడు. పొడిగుడ్డ ఊసే లేదు. ఇన్నేళ్లు ఆ ధూళి బట్టలు తొడుక్కున్న మనిషికి, అవి ఎలా తెల్లబడతాయో ఒక్కనాడూ తెలుసుకునే పని పడలేదు. నీళ్లు పడగానే ఒళ్లంతా ఎర్రగా బురద కట్టింది. ఆయన కంగారుపడి ఇంకో మగ్గు పోశాడు, తువ్వాలుతో గట్టిగా రుద్దాడు. రుద్దినకొద్దీ బురద మడతల్లోకి పోయింది. బోడిగాడి కాళ్లు జారాయి. ఒళ్లు వణుకుతోంది. వాడి ముందుకాలి మడత దగ్గర తోలు గీరుకుపోయి రక్తం కనిపించింది.

వాడు అరవలేదు. సూర్యకాంతంవైపు చూశాడు. ఆయనా చూశాడు. ఇద్దరూ ఆవిడనే చూస్తున్నారు. వాణ్ని కాపాడాలంటే ఆయన్ని కూడా గట్టెక్కించినట్టే అవుతుంది, ఎప్పటిలాగే. నవ్వుతూ లేచి మగ్గు అందుకుంటే చాలు, పరువూ నిలుస్తుంది, లిస్టులో పేరూ నిలుస్తుంది, బోడిగాడికి స్నానమూ అవుతుంది. సోమవారం పొద్దున ఆరున్నరకి జీపు వస్తుంది.

కప్పు కింద పెట్టింది.

"ఆపండి" అంది. గొంతు పెద్దగా లేదు. రాజ్యశ్రీవైపు తిరిగింది. "అది ఆయనకి రాదమ్మా. ఎప్పుడూ చెయ్యలేదు. మూడేళ్లూ చేసింది నేను. ఇచ్చేయమని నేను అనలేదు, నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు వీడికి స్నానం చేయించి, మా ఇంటికి తీసుకెళ్లిపోతాను."

పెద్దసారు చక్రధరరావు ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుని, లోపల ఫోను మోగకపోయినా మోగినట్టు లేచి వెళ్లిపోయాడు. చక్రధరరావు తడిచేతులతో అలాగే నిలబడ్డాడు.

సూర్యకాంతం కొంగు దోపుకుని టబ్బు దగ్గర కూర్చుంది. మోకాలు కలుక్కుమంది, కూర్చుంది. తడిసిపోయాక ఇక పొడిగుడ్డ పనికిరాదు. సంచీలోంచి పొజ్జే ఇచ్చిన సీసా తీసి, గడ్డకట్టిన నూనెని అరచేతిలో కరిగించి, రుద్దకుండా అద్దుతూ వచ్చింది. నూనెకి బురద పైకి తేలింది. దాన్ని వేలికొసలతో తీసింది. చెవుల వెనక, గడ్డం కింద, కాలివేళ్ల సందుల్లో, ఒక్కొక్క మడతే. తర్వాత శనగపిండి, తర్వాత గోరువెచ్చని నీళ్లు, ధారగా. వణుకు తగ్గింది. వాడు ఆవిడ మోచేతిమీద గడ్డం ఆన్చాడు.

రాజ్యశ్రీ తనే లోపలికి వెళ్లి మెత్తటి గుడ్డ తెచ్చి పక్కన చతికిలబడింది. ఆవిడ ముఖం కందిపోయింది. "నేను అడగలేదండీ, ఒట్టు. బాగుందన్నాను, అంతే. ఎప్పుడు పంపమంటారని మీవారే ఫోను చేశారు" అంది మెల్లిగా. సూర్యకాంతం తలూపింది. ఒత్తి ఒత్తి తడి తీసింది. స్వెట్టరు సరిగా తిప్పి తొడిగింది.

జీపు వద్దంది. వాణ్ని కొంగులో చుట్టుకుని, రెండు చేతులా ఎత్తుకుని గేటు దాటింది. బరువే. పన్నెండు కిలోలు. రోడ్డు ఏటవాలుగా దిగుతుంది, రెండు మలుపుల తర్వాత గాని క్వార్టర్లు కనిపించవు. వెనక చక్రధరరావు బూట్ల చప్పుడు నాలుగడుగుల దూరంలో వస్తూనే ఉంది.

మొదటి మలుపు దగ్గర ఆగి అడిగింది. "నేనే ఇచ్చేయమన్నానని ఎందుకు చెప్పారు?"

లిస్టు పోయిన మనిషి ముఖం ఆయనది, ఏడుపు ఒక్కటే తక్కువ. "నువ్వు కాదనవు కదా అనుకున్నాను" అన్నాడు.

సాకు చెబుతున్న గొంతు కాదది. నమ్మిన మాటే చెబుతున్నాడు. అదే ఆవిడకి అన్నిటికంటే లోతుగా దిగింది. అబద్ధమాడాడనుకుంటే తిట్టి ఊరుకోవచ్చు. చేపలకీ పిట్టలకీ మొక్కలకీ ఏనాడూ కాదనని మనిషి, దీనికి మాత్రం ఎందుకు కాదంటుందనుకున్నాడు. ఆయన్ని అలా తయారుచేసిన చేతుల్లో తన చేతులూ ఉన్నాయి. అది తెలిసినా మంట చల్లారలేదు. ఇంకా పెరిగింది.

రెండో మలుపు దగ్గర దారి మరీ దిగుడు. ఆవిడ అడుగు తడబడింది. చక్రధరరావు గబగబా ముందుకొచ్చి చేతులు చాచాడు. "ఇటివ్వు, నీ మోకాలు బాలేదు. నేను ఎత్తుకుంటాను."

"ఇవ్వను" అంది సూర్యకాంతం.

ఆయన వినలేదేమోనని ఆగి, వెనక్కి తిరిగి, ఆ మాట మళ్లీ అంది.